సవరము నుండి సగము విగ్గు వఱకు

బరంపురమునందలి మా తెలుగు ఇండ్లలో పెండ్లి యన్నను, పేరంటమన్నను ముందుగా పెట్టె నుండి పైకి వచ్చునది సవరము. 1936లో ఈ ఊరు ఒరిస్సా రాష్ట్రమున చేరినను మా స్త్రీల జడ పొడవు తగ్గలేదు. ఇప్పుడా పెట్టెలోనికి సగము విగ్గు వచ్చి చేరినది. మగవారికీ ప్రసంగ మెందుకని సోదరీమణులు నవ్వవచ్చును. సంఘ నాటకముల వేషసామగ్రికి చాల యేండ్లు పద్దులు వ్రాసినవారము. విగ్గు పద్దు లేని యేడు మాకు జ్ఞాపకము లేదు.

సవరము జడకు పొడవు నిచ్చునే కాని పలుచబడిన నడినెత్తిని కప్పదు. సగము విగ్గు నడినెత్తి నుండి మెడ వఱకు కప్పును. నుదుటి యంచున రెండు వ్రేళ్ల మేర స్వంత జుట్టును వదలి, విగ్గు లోపలి చిన్న దువ్వెనలను తలకు బిగించి, వదలిన జుట్టును దానిపై వెనుకకు దువ్వవలెను. ఆ రెండు వ్రేళ్ల జుట్టుతో విగ్గు కలిసినదా, అతుకు కానరాదు. కలియనిచో ఎంత వెల పెట్టినను వృథా.

గడచిన ఉగాదికి మా సంఘమువారు భామాకలాపము ప్రదర్శించిరి. తెరపై జడ వేయుట చక్కగా సాగినది. తెర తొలగిన పిమ్మట చూతుము గదా, అమ్మాయి ముంగురులు కొంచెము గోధుమవన్నెవి, వంకులు తిరిగినవి. విగ్గేమో కాటుకవలె నల్లనిది, నిలువునా సాపైనది. దీపముల వెలుగులో నడుమ గట్టువలె గీత కనబడెను. దరువు నడుమ విగ్గు జాఱగా, ఆమె ఒక చేత అదిమిపట్టి తాళము తప్పక ఆడెను. సభ నవ్వెను. మేమును నవ్వితిమి.

ఆ తప్పు అమ్మాయిది కాదు. రాత్రివేళ ట్యూబులైటు క్రింద, చౌకయని కొన్నవారము మేము. రంగును పగటి వెలుగున, జుట్టు కొనలతో పోల్చి చూడవలెను, కుదుళ్లతో కాదు. నైలాను వంటి కృత్రిమపు పోగు తేలికయే కాని మెఱుపు హెచ్చు, హారతి పళ్లెము సోకిన ముడుచుకొనిపోవును. నరుల జుట్టుతో చేసినది ప్రియము. తిరుమలలో సమర్పించిన తలనీలాలను దేవస్థానము వేలము వేయుట అందఱెఱిగినదే. మన తలల జుట్టే మనకు ప్రియమగుట చిత్రము! దువ్వెనలను కణతలయొద్ద దినదినము బిగించినచో ఉన్న జుట్టును ఊడును. రాత్రి తీసివేయవలెను.

స్థానం నరసింహారావుగారి సత్యభామను చూచిన పెద్దలు ఆ నడకను, ఆ చూపును చెప్పిరే కాని అరువు జుట్టును గూర్చి ఒక్కమాట చెప్పలేదు. వేదాంతం సత్యనారాయణశర్మగారికి 1970లో పద్మశ్రీ వచ్చినది సత్యభామవంటి స్త్రీపాత్రల వలననే గదా. పురుషుని తలపైని జడను కళ యని మెచ్చుకొన్న మనము, ఆడుదాని తలపై అతుకు వెదకుచున్నాము. ఇది మాకు న్యాయముగ తోచదు.

ఇంతగా వ్రాయుటకు కారణము వేఱొకటి కలదు. ఆ సభలో మా ప్రక్కన మా యింటి యిల్లాలు కూర్చుండెను. క్యాన్సరు చికిత్సలో ఊడిన జుట్టు పలుచగా తిరిగి వచ్చినది. సగము విగ్గు పెట్టుకొని, రెండేండ్ల తరువాత ఆనాడే నలుగురిలోనికి వచ్చినది. మేము నవ్వగానే ఆమె చేయి తన తలపైకి పోయెను. ఇంటికి వచ్చువఱకు మాటాడలేదు.

ఈయేడు విగ్గు కొనునప్పుడు ఆమెనే పిలుచుకొని పోతిమి. పట్టపగలు, దుకాణపు గడపలో నిలిచి, అమ్మాయి జుట్టు కొనలను విగ్గు ప్రక్కన పెట్టి, మూడింటిని త్రోసివేసి నాలుగవది తీసికొనెను. అభ్యాసమునాడు తానే పెట్టి, ముంగురులు వెనుకకు దువ్వి, "ఏమండీ, వెనుక వరుసకు వెళ్లి చూడుడు" అనెను. వెళ్లి చూచితిమి. అమ్మాయి ఒకసారి గిఱ్ఱున తిరిగెను. మఱల తిరుగుమని ఆమెయే చెప్పెను.