తేడా చదివే మెకానిక్

కంప్యూటర్ గడియారం తప్పు చూపిస్తే సరైన టైము పెట్టేయడం ఎవరైనా చేస్తారు. మంచి మెకానిక్ మాత్రం ముందు ఎంత తప్పిందో చూస్తాడు. పనితనమంతా ఆ చూపులోనే ఉంది. ప్లగ్ తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంటే అనుమానం మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బ్యాటరీ మీదికి పోతుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది బిళ్లలాంటి ఆ 3 వోల్టుల సెల్లే. తేడా సరిగ్గా అయిదున్నర గంటలైతే బ్యాటరీ ఏ పాపమూ ఎరగదు. విండోస్, లైనక్స్ రెండూ ఉన్న సిస్టమ్‌లలో ఇది మామూలే: బోర్డు గడియారంలో విండోస్ స్థానిక సమయం రాస్తుంది, లైనక్స్ దాన్నే యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం, అనుకుని మన 5:30 మళ్లీ కలుపుతుంది.

ఇంటర్నెట్ ఉంటే టైము దానంతటదే సర్దుకుంటుంది కదా, ఇందులో గొప్పేముంది అనవచ్చు. నిజమే, నెట్ ద్వారా టైము సరిచేసే పద్ధతిగా 1985లో వచ్చిన ఎన్‌టీపీ చాలా శ్రమ తప్పించింది. కానీ అది తెచ్చేది యూటీసీని. మనం ఏ టైమ్ జోన్‌లో ఉన్నామో దానికి తెలియదు. హైదరాబాద్‌లోని సిస్టమ్‌కు అమెరికా జోన్ పెట్టి ఉంటే ఎన్నిసార్లు సింక్ చేసినా తెర మీద తప్పే. విసిగిపోయి జోన్ వదిలేసి గంటలు మారిస్తే కంటికి బాగానే కనిపిస్తుంది గానీ లోపలి యూటీసీ చెడుతుంది, మెయిళ్ల వేళలు, మీటింగులు తారుమారవుతాయి. తేదీయే ఏళ్ల వెనక్కి పోతే సర్టిఫికెట్ల గడువు కుదరక బ్యాంకు సైటు కూడా తెరుచుకోదు. జనం నెట్‌ను తిట్టుకుంటారు. జోన్ ముందు, గంటలు తర్వాత అన్న వరస తప్పని మెకానిక్ అంటే నాకు ఎంతో గౌరవం. సెల్లు మార్చాక కూడా ప్లగ్ తీసి, కాసేపు ఆగి, మళ్లీ ఆన్ చేసి తేదీ నిలిచిందో లేదో చూశాకే అతను డబ్బు తీసుకుంటాడు.