వయోనియమం – సంపాదక ధర్మం
అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 1990లో ప్రారంభమైన ‘పాసేజర్’, 50 ఏళ్లు దాటిన రచయితల కోసమే వెలువడుతున్న చిన్న సాహిత్య పత్రిక. ఈ నియమాన్ని వృద్ధాప్యంపై సానుభూతిగా గ్రహించడం పొరపాటు. వయస్సు ప్రవేశార్హత మాత్రమే. ఎంపికకు ప్రమాణం రచనయే. ఇటువంటి పత్రికల సంపాదకులకు అసలు చిక్కు ఇక్కడే ఎదురవుతుంది. జ్ఞాపకం యథార్థమైనంత మాత్రాన కవిత కాజాలదు. 60 ఏళ్ల వ్యక్తి తొలి రచనను తిప్పిపంపడం కష్టమే. అయితే జాలితో అచ్చువేయడం ఆ రచయితను పాఠకుల ఎదుట చిన్నబుచ్చడమే అవుతుంది. తెలుగు విమర్శ ‘కొత్త కలం’ అనగానే యువకుణ్ణి ఊహిస్తుంది. గురజాడ 1862లో జన్మించారు. ‘ముత్యాల సరాలు’ 1910లో వెలువడింది. నవ్యకవిత్వానికి బాట వేసిన ఆ ఛందస్సు 48 ఏళ్ల కవిది. పాసేజర్ లెక్కలో ఆయనకు ఇంకా రెండేళ్లు తక్కువే!