పత్తి కథల్లో కనిపించని పద్దు పుస్తకం

1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయిన తర్వాత తెలుగులో రైతు కథలు, కవితలు విస్తారంగా వచ్చాయి. రచయితలు తమ బాధ్యత గుర్తించారనడానికి అది నిదర్శనం. అయితే వాటిలో చాలా భాగం చావు దగ్గర మొదలై కన్నీటి దగ్గర ఆగిపోయాయి. రైతును అమాయకుడిగానో, ఆశపోతుగానో, ప్రకృతి పగబట్టినవాడిగానో చిత్రించాయి. ఈ మూడు చిత్రణల సారం ఒకటే: తప్పు రైతుది, లేదా దైవానిది.

వాస్తవం ఏమిటి? నష్టభయానికి సిద్ధపడి కొత్త దారి తొక్కేవాడి చొరవ వల్లే సంపద పుడుతుందని పాలకవర్గ అర్థశాస్త్రం చెబుతున్నది. ఆ కొలతతోనే కొలిస్తే, తిండిపంట వదిలి, అప్పు తెచ్చి, వర్షాధారపు చెలకలో పత్తి పెట్టిన కౌలు రైతును మించిన సాహసి ఎవరు? చొరవకు లోటు లేదు. మరి లోటెక్కడ?

కౌలు నోటిమాట మీద నడిచేది గనుక బ్యాంకు అప్పు అందలేదు. విత్తనం, ఎరువు, మందు దుకాణదారే అరువిచ్చాడు. ఏ మందు కొట్టాలో అతనే చెప్పాడు. చాలాచోట్ల పంట కూడా అతనికే కొలవాల్సి వచ్చింది. సలహా, సరుకు, అప్పు, మార్కెట్ ఒకే చేతిలో ఉన్నాయి. లద్దె పురుగు విరుచుకుపడ్డప్పుడు కల్తీ మందు పనిచేయలేదు. దాని బాకీ మాత్రం వడ్డీతో పెరిగింది.

సమాజంలోని సంస్థాగత వ్యవస్థలే కలిమిలేములను నిర్ణయిస్తాయని చూపినందుకు అసెమొగ్లు, జాన్సన్, రాబిన్సన్‌లకు 2024లో ఆర్థికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. మన రైతు ఈ సంగతిని దుకాణం మెట్ల మీదే నేర్చుకున్నాడు. అయితే ఆ వ్యవస్థలు ఏ వర్గానివన్నది అసలు ప్రశ్న. 2018లో తెలంగాణలో మొదలైన రైతుబంధు ఎకరానికి, పంటకు 4,000 రూపాయలు పట్టాదారుకు ఇచ్చింది; దున్నే కౌలుదారుకు ఇవ్వలేదు. సాయం కూడా ఆస్తి ఉన్న వైపే నడిచింది.

ఈ పనిని కథ చేయగలదా? కాళీపట్నం రామారావు 'యజ్ఞం' ఏనాడో చేసింది. అందులో ఊరు అభివృద్ధి చెందింది. పంచాయితీ సభలో పెద్దలు ధర్మం గురించే మాట్లాడతారు. అయినా అప్పల్రాముడి కుటుంబానికి ఒక అప్పు తీర్పు ఉరితాడవుతుంది. దుర్మార్గుడొకడు లేకుండానే అన్యాయం ఎలా పుడుతుందో ఆ కథ లెక్కగట్టి చూపింది. చివరి హింస పాఠకుడిని నిలదీయడానికి కారణం, దాని వెనక ఆ లెక్క ఉండడమే.

కథ అర్థశాస్త్ర పాఠం కావాలా అని కొందరు మిత్రులు అడగవచ్చు. అక్కరలేదు. పద్దు పుస్తకం తెరిస్తే చాలు. దాన్ని రాసేదెవరు, చదవలేనిదెవరు, వేలిముద్ర వేసేదెవరు? పాత్రలూ అక్కడే ఉన్నాయి, సంఘర్షణా అక్కడే ఉంది. రైతు చావు ఆ పుస్తకంలో చివరి పద్దు మాత్రమే. మన కథలు మొదటి పద్దు నుంచి మొదలు కావాలి. లేకపోతే మన సానుభూతి కూడా దుకాణదారు లెక్కనే సరైనదిగా ఒప్పుకున్నట్టవుతుంది.