వేషం కట్టినవాళ్ళందరూ ఆడాలి

ఫిల్మ్‌నగర్‌లో కిరీటం అద్దెకు దొరకడం ఏమంత కష్టం కాదు. కృష్ణానగర్ సందుల్లోకి దిగి అడిగితే రాజు కిరీటమా, సేనాపతి తలపాగానా, చెలికత్తెల జాకెట్లా అని వాళ్ళే తిరిగి అడుగుతారు. పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం అని మన సినిమాలను విడదీసి చెప్పుకున్న పద్ధతి అక్కడి బీరువాల్లో ఇంకా చెల్లుతోంది. దొరకనిదల్లా ఆ బట్టలు కట్టుకుని పదిమందీ కలిసి ఆడుకునే చోటు. అన్నపూర్ణ స్టూడియో నుంచి రామానాయుడు స్టూడియో దాకా ఈ కొండల మీద నాట్యమంటే ఎవరో చూడటానికి జరిగేదే. ఆడేవాళ్ళు కొందరు, చూసేవాళ్ళు లక్షలు.

మా ఇంట్లో ఏటా దసరాకీ దీపావళికీ మధ్య ఒక సాయంత్రం పాతకాలపు వేషాలతో ఆట పెట్టుకుంటాం. వీధిలోని ఎడిటర్ గారి కుటుంబం వస్తుంది. మేకప్ పని నుంచి విశ్రాంతి తీసుకున్న పెద్దాయన వస్తారు. డాన్సర్ల యూనియన్ కార్డున్న అమ్మాయిలు, వాళ్ళ తమ్ముళ్ళు, సినిమాతో ఏ సంబంధమూ లేని డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు వస్తారు. వచ్చినవాళ్ళందరూ ఆడాలన్నది మా నియమం. కుర్చీలు వేయం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు పీటలు వేసి చేతికి తాళాలో చిడతలో ఇస్తాం. కార్లు బయటపెట్టించి పార్కింగ్ స్థలం ఊడ్చి ఆటకు సిద్ధం చేస్తాం. హాల్లో పాలరాయి మీద పాదం జారుతుంది, పార్కింగ్ టైల్స్ గరుగ్గా ఉండి అడుగు నిలుస్తుంది. లౌడ్‌స్పీకర్ పెట్టం. ఢోలక్, తాళాలు, నోటి పాట చాలు.

ఏ కాలపు వేషం అన్నది మాకు మొదటి నుంచీ పెద్ద చర్చే. చివరికి విజయనగర కాలం దగ్గర స్థిరపడ్డాం. బి.ఎన్. రెడ్డి గారి ‘మల్లీశ్వరి’ (1951) మీద మా అందరికీ ఉన్న ప్రేమ ఒక కారణం. లేపాక్షి రెండో కారణం. అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన ఆ వీరభద్రాలయం పైకప్పు చూస్తే ఆనాటి బట్టల కొట్టులో నిలబడినట్టే ఉంటుంది. చీరల మీద గళ్ళు, చారలు, పువ్వులు, వెడల్పాటి అంచులు, మగవాళ్ళ నెత్తిన పొడవాటి కుళ్ళాయిలు, అన్నీ రంగుల్లో ఉన్నాయి. స్తంభాల మీద నర్తకులూ మద్దెల వాయించేవాళ్ళూ ఉన్నారు. ఏం కట్టుకోవాలో, కట్టుకుని ఎలా నిలబడాలో రెండూ అక్కడే తెలుస్తాయి.

అద్దె బట్టలు వద్దని నేను గట్టిగా చెబుతాను. వాటిని కుట్టే చేతుల మీద నాకు అపారమైన గౌరవం. కానీ అవి షాట్ కోసం కుట్టినవి. వెనక హుక్కులు, పిన్నులు, జిగురుతో అతికించిన రాళ్ళు, గాలి ఆడని వెల్వెట్. కెమెరా ముందు రెండు నిమిషాలు వెలిగిపోతాయి, గంటసేపు ఆడితే ఒంటికి అంటుకుపోతాయి. అమ్మమ్మ పెట్టెలోని తొమ్మిది గజాల నేతచీర, మంగళగిరి పంచె, పెడన అద్దకం ఉత్తరీయం తెచ్చుకోమంటాను. వీటికి ఒక బరువుంది, ఆ బరువే ఆట నేర్పుతుంది. ఆరు గజాల చీర లోపావడా మీద కట్టుకుంటే అడుగు జానెడు దాటదు. అదే తొమ్మిది గజాల చీర గోచీ పోసి కడితే మోకాళ్ళు పక్కలకు విచ్చుకుంటాయి, అరమండిలో కూర్చోవడానికి ఒళ్ళు తనంత తానే ఒప్పుకుంటుంది. వడ్డాణం బిగించుకున్నవాళ్ళు వెన్ను వంచలేరు. కూచిపూడి టీచర్లు ‘వెన్ను నిలబెట్టు’ అని ఏళ్ళ తరబడి చెప్పే మాటను వడ్డాణం ఒక్క సాయంత్రంలో చెబుతుంది. జడకుచ్చులు పెట్టుకున్న అమ్మాయి గిర్రున తిరిగితే పక్కవాళ్ళకు ఎంత దూరంలో ఉండాలో కూడా తెలిసిపోతుంది.

ఆట విషయానికొస్తే మేము ఎక్కువగా నేర్చుకునేది కోలాటం. దీన్ని తేలిక ఆట అనుకునేవాళ్ళు చాలామంది. కాకతీయ గణపతిదేవుడి గజసేనకు అధిపతి అయిన జాయప సేనాని అలా అనుకోలేదు. 1253-54లో ఆయన సంస్కృతంలో రాసిన ‘నృత్తరత్నావళి’ ఎనిమిది అధ్యాయాల గ్రంథం. అందులో మొదటి సగం శాస్త్రీయమైన మార్గ పద్ధతికిస్తే, రెండో సగమంతా దేశి నృత్యాలకిచ్చాడు. పేరిణి, ప్రేంఖణం, చర్చరి, చిందు, కందుకం, దండరాసకం అంటూ జనం ఆడుకునే ఆటల్ని శాస్త్రంలోకి ఎక్కించాడు. ఇందులో దండరాసకం కర్రలతో గుంపుగా ఆడేది. ఏనుగుల దండును నడిపిన మనిషి ఊరి జనం పాదాలు ఎలా పడుతున్నాయో అంత శ్రద్ధగా చూశాడంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు దాన్ని తెలుగు చేశారు. నటరాజ రామకృష్ణ గారు ఆ పుస్తకాన్నీ రామప్ప గుడి శిల్పాలనూ పక్కపక్కన పెట్టుకుని పేరిణికి మళ్ళీ ప్రాణం పోశారు.

ఇంగ్లండులో ఇలాంటి పల్లె నాట్యాల పుస్తకాన్ని జాన్ ప్లేఫోర్డ్ అచ్చువేసింది 1651లో. ఆ పుస్తకం పట్టుకునే ఇవాళ్టికీ అక్కడా అమెరికాలోనూ జనం పాతకాలపు గౌన్లు, కోట్లు కుట్టించుకుని కలిసి ఆడుతున్నారు. బాత్ పట్టణంలో జేన్ ఆస్టెన్ పేరు మీద జరిగే ఉత్సవంలో అలాంటి నాట్యాలు ముఖ్యమైన భాగం. వరసలు ఎప్పుడు మారాలో చెప్పడానికి ఒక మనిషి పక్కన నిలబడి కేకేస్తూ ఉంటారు, కొత్తవాళ్ళు కూడా వెంటనే కలిసిపోతారు. మన కోలాటం గురువు చేసేదీ అదే. వాళ్ళకు దాదాపు నాలుగు శతాబ్దాల పుస్తకం ఉంటే మనకు దాదాపు ఎనిమిది శతాబ్దాలది ఉంది. వాళ్ళు ఆడుతున్నారు, మనం చదివి పరీక్షలు రాస్తున్నాం. నా బాధంతా అదే.

మాకు నేర్పే గురువుగారు గుంటూరు వైపు నుంచి వచ్చినావిడ. భజన బృందాలకు కోలాటం నేర్పి తిరుమల బ్రహ్మోత్సవాల్లో మాడవీధుల్లో ఆడించిన మనిషి. యూనియన్ అమ్మాయిలు అలవాటు కొద్దీ ‘ఫైవ్ సిక్స్ సెవెన్ ఎయిట్’ అని అందుకుంటే ఆవిడ కర్ర ఎత్తి ఆపేస్తారు. “లెక్క వద్దమ్మా, పాట వినండి. పాటలో మాట ఎక్కడ విరిగితే అక్కడ కోల పడాలి” అంటారు. అందులో చాలా ఉంది. మన ఊరి పాటలు చాలావరకు మూళ్ళ మీద నడుస్తాయి, కొన్ని ఏడు మీద. తకిట తకధిమి అని నడిచే పాటను ఎనిమిది లెక్కలో పెడితే ఎక్కడో ఒక అడుగు అనాథగా మిగిలిపోతుంది.

‘నాటు నాటు’ కూడా ఆ మూళ్ళ నడకదే, మన వీధి తీన్మార్‌కు దగ్గరి చుట్టం. 2021 ఆగస్టులో కీవ్ నగరంలో మరియిన్‌స్కీ ప్యాలెస్ ముందు తీసిన ఆ పాట 2023 మార్చిలో ఆస్కార్ అందుకుంది. అందరూ ప్రేమ్ రక్షిత్ మాస్టర్ కాళ్ళ కదలిక గురించే మాట్లాడారు. నాకు మాత్రం ఆ పాట కథ ముఖ్యం. 1920 నాటి దొరల విందు. అందరూ ఆ కాలపు బట్టల్లో ఉంటారు. మనవాళ్ళిద్దరూ మొదలుపెట్టేసరికి మిగతావాళ్ళంతా గుండ్రంగా నిలబడి చూస్తారు. కాసేపటికి దొరసానులు గౌను అంచులు పట్టుకుని ఆటలోకి దిగుతారు, వాళ్ళ వెనకే దొరలు దిగుతారు. చూడటానికి వచ్చినవాళ్ళు ఆడటం మొదలుపెట్టిన ఆ క్షణంలోనే పాట పాటయింది. మా కొండ మీద పనిచేసే మనుషులు ఊహించిన పాటే అది. మా కొండ మీది ఇళ్ళలో అలాంటి సాయంత్రాలు ఎందుకు ఉండకూడదు?

ఇంట్లో నాట్యం తెలుగువాళ్ళకు కొత్తా అంటే కాదు. జమీందారీ లోగిళ్ళలో, పెళ్ళిళ్ళలో కళావంతుల మేజువాణీలు జరిగేవి. ఆ స్త్రీలు కూర్చున్నచోటి నుంచి కదలకుండా ఒక్క పదానికి ఎన్నో అర్థాలు కళ్ళతో, చేతులతో పలికించేవారు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ వ్యవస్థను రద్దు చేస్తూ చట్టం చేశాక ఆ నాట్యం ఇళ్ళ తలుపుల వెనక్కి వెళ్ళిపోయింది. వాళ్ళ దగ్గర మిగిలినదాన్ని నటరాజ రామకృష్ణ గారు ఆంధ్రనాట్యంగా, తర్వాత స్వప్నసుందరి గారు విలాసినీ నాట్యంగా వేదిక మీదకు తెచ్చారు. ఈ రెండో పేరు పెట్టింది ఆరుద్ర. ఒక ఏడాది మా మిత్రులు కొందరు ‘ఈసారి జమీందారు, నర్తకి వేషాలు వేద్దాం’ అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ కళకు తలవంచి నమస్కరిస్తాను, నేర్చుకోవాలంటే గురువు దగ్గరే నేర్చుకుంటాను. బాలీసులకు ఆనుకున్న మగవాళ్ళ ఎదుట ఆడవాళ్ళు ఆడే ఆ ఏర్పాటును మాత్రం వేషంగానైనా మా గుమ్మంలోకి రానివ్వను. ఆ స్త్రీల నాట్యాన్ని తీసుకున్న సమాజం చాలాకాలం వాళ్ళ పేర్లు చెప్పడానికి సిగ్గుపడింది. దాన్ని సరదాగా మళ్ళీ ఆడి చూపించడం న్యాయం కాదు.

బతుకమ్మ దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. అక్కడ ప్రేక్షకులే లేరు. అయినా జూబ్లీహిల్స్ కాంపౌండ్లలో బతుకమ్మ పెడితే ఆ ఇంటివాళ్ళు ఫోన్లు పట్టుకుని వలయం బయట నిలబడతారు. చప్పట్ల వరసా పాటా వచ్చినవాళ్ళు ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళే. మా ఇంట్లో వంట చేసే అక్కది మహబూబ్‌నగర్ వైపు. మా సాయంత్రం మొదలయ్యేది ఆమె పాటతోనే. చేతులు ఎలా కలపాలో, నడుము ఎక్కడ వంచాలో ఆమె చూపిస్తుంది, అందరం చేస్తాం. ఆ రోజు వంట బయటి నుంచి తెప్పిస్తాం. గురువుగారికి ఇచ్చినట్టే ఆమెకూ సంభావన ఇస్తాం.

ఇక జడకోలాటం. స్టూడియోల్లో లైట్‌మన్‌గా పనిచేసే అబ్బాయి పోర్టికో దూలానికి బలమైన కొక్కెం బిగించి ఇచ్చాడు. దాని నుంచి రంగురంగుల తాళ్ళు వేలాడతాయి. ఒక చేతిలో తాడు, ఒక చేతిలో కోల. ఆడేవాళ్ళు సరిసంఖ్యలో ఉండాలి. సగంమంది కుడికి, సగంమంది ఎడమకు ఒకరి కిందుగా ఒకరు దూరుతూ తిరుగుతుంటే పైన జడ అల్లుకుంటూ దిగుతుంది. అల్లే కొద్దీ తాడు పొట్టిదై అందరూ మధ్యకు దగ్గరవుతారు. అసలు విద్య విప్పడంలో ఉంది. వేసిన ప్రతి అడుగూ వెనక్కి వేయాలి. ఒక్కరు పైనుంచి వెళ్ళాల్సిన చోట కిందుగా వెళ్ళారా, ముడి పడిపోతుంది. ఎడిటర్ గారికి ఈ ఆట మహా ఇష్టం. తన వృత్తిలో తప్పును కత్తిరించి పారేయొచ్చు, ఇక్కడ మాత్రం నడిచి వెనక్కి వెళ్ళి సరిచేయాలి అంటారాయన.

మా ఇంట్లో ఇప్పటిదాకా జడ కింద నిలబడింది ఆడవాళ్ళే. ఊళ్ళలో ఒకప్పుడు మగవాళ్ళ కోలాటం జట్లు ఎంత పేరుపొందాయో గురువుగారు చెబుతుంటారు. ఈ ఏడాది మా ఇళ్ళలోని మగవాళ్ళను కూడా తాడు పట్టిస్తానన్నారు. అయితే పంచె బిగించి కట్టుకోవడం వాళ్ళలో ఎవరికీ రాదు, అందరివీ వెల్క్రో పంచెలే. అందుకని వచ్చే నెల మొదటి ఆదివారం ఆట నేర్పరు, కట్టు మాత్రమే నేర్పుతారు. నాలుగు గజాల పంచెలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి.