రెండవ ప్రశ్న: బాలవిజ్ఞాన రచనలలో సమాధాన స్వరూపము

బాలుర ప్రశ్నలకు సమాధానములుగా వెలువడు గ్రంథములను మన విమర్శకులు సాహిత్యముగా పరిగణింపరు. అవి శాస్త్రజ్ఞుల సొత్తనియు, వానిలో చూడవలసినది విషయముయొక్క తప్పొప్పులే యనియు తలంచుట ఆచారమైనది. ఈ ఆచారము సరి కాదని మా యభిప్రాయము. విషయమున తప్పు లేకున్నను సమాధానము చెడవచ్చును. ఆ లోపము వాక్యములోనిది. దానిని పరీక్షించుట తెలుగు శాఖలవారి పనియే.

కొన్నేండ్ల క్రిందట ఒక పాఠశాలలో చంద్రగ్రహణమును గూర్చి మాటలాడుచు, భూమి నీడ చంద్రునిపై పడుటచే గ్రహణము కలుగునని వాచకములోని వాక్యమునే మేము అప్పగించితిమి. నాల్గవ తరగతి బాలిక యొకతె లేచి, “మరి పున్నమి నెలనెలా వస్తుంది గదండీ, గ్రహణం నెలనెలా ఎందుకు రాదు?” అని యడిగినది. మాకు మాట తోచలేదు. పై తరగతులలో తెలియునని చెప్పి తప్పించుకొంటిమి. ప్రశ్నోపనిషత్తున పిప్పలాదుడంతటివాడు తన యొద్దకు వచ్చిన ఆరుగురను ఒక సంవత్సరము వేచి యడుగుడని, తనకు తెలిసిన యెడల చెప్పుదునని మాత్రమే పలికినాడు. ఆ పాటి వినయము మాకు ఆనాడు కలుగలేదు.

వాచకము తప్పు చెప్పలేదు. గ్రహణమునకు ఛాయయే కారణమని క్రీ. శ. 499 నాటి ఆర్యభటీయమే నిర్ణయించినది. అయినను ఆ వాక్యము మొదటి ప్రశ్నకు అడ్డముగా కట్టిన గోడవలె నున్నది. రెండవ ప్రశ్నకు దానిలో వాకిలి లేదు. ఇంట అవ్వ చెప్పు రాహువు కథను దీనితో పోల్చి చూతము. రాహువు చంద్రుని మ్రింగునని అవ్వ చెప్పును. మ్రింగిన చంద్రుడు మరల ఎట్లు వచ్చెనని మనుమడు అడుగును. రాహువునకు తలయే గాని మొండెము లేదు గనుక మెడ క్రిందుగా వెలువడునని అవ్వ తడవుకొనకుండ చెప్పును. విషయము అసత్యము, కల్పన గట్టిది. సత్యమును చెప్పు వాక్యము ఈ కథకంటె దుర్బలముగా నుండుట మన బాలవిజ్ఞాన రచనలకు గౌరవము కాదు. సమాధానమును బాలుని రెండవ ప్రశ్నతో కొలువవలెనని మేమనుట ఇందులకే.

ఈ కొలతకు నిలువని సమాధానములలో పెక్కింటికి పేరు పెట్టుటయే దోషము. ఆకాశము నీలముగా నేల యున్నదని యడుగగా ‘కాంతి పరిక్షేపణము వలన’ అని వ్రాయుదురు. బాలునికి లభించినది ఒక సంస్కృతపదము. అడిగినది మిగిలియే యున్నది. కొందరు మరియొక యడుగు వేసి, గాలిలోని ధూళి కాంతిని చెదరగొట్టునందురు. వాన వెలిసి ధూళి యణగిన పిదప ఆకాశము మరింత నీలముగా నుండుట ఏ పల్లెటూరి పిల్లవానికైనను తెలియును. చెదరగొట్టునవి ముఖ్యముగా గాలి యణువులే. తరంగము పొడవు సగమైనచో చెదరు కాంతి 16 రెట్లగునను నియమమును రేలీ 1871లో చూపినాడు. ఇంత చెప్పినను రెండవ ప్రశ్న తప్పదు: ఊదా తరంగము నీలముకంటె పొట్టిది గదా, ఆకాశము ఊదాగా నేల లేదు? సూర్యకాంతిలో ఊదా పాలు తక్కువ. మన కన్నును ఊదాను నీలమంతగా గ్రహింపదు. ఈ రెండు వాక్యములకు చోటు లేదనువారు చిత్రములకు పుటలు పుటలుగా చోటిచ్చుట మేమెరుగుదుము.

సముద్రపు రంగు విషయమున ఇది మరింత స్పష్టము. ఆకాశము ప్రతిఫలించుటచే సముద్రము నీలమని నేటికిని పిల్లలకు చెప్పుచున్నారు. బాల్యమును విశాఖపట్టణమున గడపిన చంద్రశేఖర వేంకట రామన్ 1921లో మధ్యధరా సముద్రముపై ప్రయాణించుచు ఈ మాటను శంకించినాడు. నికల్ పట్టకముతో ఉపరితల ప్రతిఫలనమును తొలగించి చూడగా నీలము పోలేదు. నీరు ఎరుపును పీల్చుకొనుట ప్రధానకారణమని, అణువులు కాంతిని చెదరగొట్టుట దానికి తోడని నేడు తెలియుచున్నది. రామన్‌ను 1928 నాటి ఆవిష్కరణ వైపు నడపినది పెద్దలు తృప్తి చెందిన సమాధానముపై వేసిన రెండవ ప్రశ్నయే.

ఇక భాషకు సంబంధించిన చిక్కు. ‘ఎందుకు’ అను పదము తెలుగున హేతువును, ప్రయోజనమును రెంటిని అడుగును. ‘ఎందుకు తడిసితివి?’ అనిన ‘వాన వచ్చినందున’. ‘బడికి ఎందుకు పోయితివి?’ అనిన ‘చదువుకొనుటకు’. ప్రశ్న యొక్కటే యైనను ఉత్తరముల తుదలు వేరు. మన రచయితలు ఈ తుదలను పాటింపరు. మనకు నీడ నిచ్చుటకు చెట్లకు ఆకులున్నవట. మనలను మేల్కొలుపుటకు కోడి కూయునట! ‘-టకు’ అను ప్రత్యయము ఒక్కటి చేరి ప్రకృతినంతయు మన సేవకురాలిని చేసినది. తుమ్మెదలను ఆకర్షించుటకు పువ్వు రంగు దాల్చెననుట కొంత మేలే. అచ్చటను, తుమ్మెదలను రప్పింపగల పూలకే విత్తనములు హెచ్చుగా మిగిలి ఆ రంగు వంశమున నిలిచెనని విప్పి చెప్పవలెను.

మేలైన మార్గము లేకపోలేదు. 1860-61 శీతకాలమున లండనులో ఫారడే బాలురకు ఒక్క క్రొవ్వొత్తిని గూర్చియే ఆరు ఉపన్యాసములు చేసినాడు. మన మహీధర నళినీమోహన్ తన గ్రంథములకు ‘క్యాలెండర్ కథ’, ‘పిడుగుదేవర కథ’ అని పేరిడుటలో అవ్వ మార్గముపై గౌరవము కనబడుచున్నది.

ఆ బాలికకు మేము చెప్పియుండవలసినది ఇది. పెద్ద గాజులో కొంచెము చిన్న గాజును ఏటవాలుగా నిలుపవలెను. పెద్దది ఆకాశమున సూర్యుని బాట, చిన్నది చంద్రుని బాట. నిజమైన వాలు సుమారు 5 డిగ్రీలు. గాజులు రెండు చోట్లనే కలియును. భూమి నీడ ఎల్లప్పుడును సూర్యుని బాటపైననే, సూర్యునికి ఎదుటి దిక్కున పడును. పెక్కు పున్నములలో చంద్రుడు ఆ నీడకు పైగానో క్రిందుగానో దాటిపోవును. పున్నమినాడు చంద్రుడు కలయిక చోటికి దగ్గరగా నున్నప్పుడే గ్రహణము. ఆ రెండు చోటులకు మన జ్యోతిష గ్రంథములు పెట్టిన పేర్లు రాహువు, కేతువు. అవ్వ కథలోని రాహువే పంచాంగమున ఒక బిందువై నిలిచియున్నాడు. గ్రహణము ‘పట్టుట’, ‘విడుచుట’ అను మన మాటలను ఆ బిందువు చెంత నిలిపి చెప్పిన వాచకము మాకు ఇంతవరకు కనబడలేదు.