నిమ్మచెక్క పరీక్ష

నరసరావుపేటలో మాకు తెలిసిన కుర్రాడు మేడ మీద ఆక్వాపోనిక్స్ పెట్టాడంటే ఈ వారం వెళ్లి చూశాను. కింద తొట్టిలో తిలాపియా చేపలు, పైన కంకర పోసిన తొట్లలో తోటకూర, టమాటా. చేపల నీళ్లను మోటారు పైకి తోడుతుంది, మొక్కల వేళ్లు ఎరువు పీల్చుకున్నాక అవే నీళ్లు కిందికి జారతాయి. చూడగానే మనసు నిండింది. దగ్గరికెళ్తే కష్టమేసింది. లేత ఆకులు పసుపు పట్టాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి.

"బలం చాల్లేదు బాబాయ్, మేత పెంచా" అన్నాడు.

"కంకర ఎక్కడిదిరా?"

"మాచర్ల వైపు నుంచి. చవగ్గా వచ్చింది."

నిమ్మచెక్క తెప్పించి ఓ రాయి మీద పిండాను. నురగ లేచింది. సున్నపురాయి!

నీళ్ల సంగతి తేల్చుకోకుండా ఏ పనీ మొదలెట్టొద్దని ఇక్కడ ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. మన బోరు నీళ్లలోనే సున్నం ఎక్కువ. ఈ రాయి తోడైతే పీహెచ్ తగ్గనే తగ్గదు, నీళ్లలో ఇనుమున్నా మొక్కకు అందదు. మేత పెంచితే పెరిగేది అమ్మోనియా. పీహెచ్ 7 నుంచి 8కి పోతే అందులో చేపను చంపే భాగం దాదాపు 10 రెట్లవుతుంది. నీళ్లు వేడెక్కితే ఇంకా ముదురుతుంది. రెంటచింతల ఎండలెరిగిన జిల్లా మనది.

చేపలు వేసి మూడు వారాలట. అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే సూక్ష్మజీవులు కంకర మీద కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు కావాలి.

మా తాతయ్య వేసవిలో చెరువు మన్ను చేలకు తోలించేవాడు. చెరువు ఎండగానే బండి కట్టనిచ్చేవాడు కాదు. అడుగు నెర్రెలు విచ్చాలి, గడ్డ చేత్తో నలిపితే పొడవ్వాలి. రోజూ పొద్దున్నే వెళ్లి గుప్పెడు తీసి వాసన చూసేవాడు. నీచు వాసన పోయి తొలకరి వాసన వచ్చిన రోజే పలుగూ పారా దిగేవి. చేపల మురికి, గొడ్ల పేడ, కుళ్లిన తూడు ఎరువుగా మారేదాకా ఆగడమే ఆయన సేద్యం. ఆ మన్ను పడిన చెక్కలో మిరప నిగనిగలాడేది.

ఈ రాతినేల మీద ఈ పని వద్దని చెప్పి వచ్చేద్దామనే అనుకున్నాను. మెట్లు దిగుతూ ఆగాను. సూక్ష్మజీవులు పనిలో పడితే నీళ్లు పులుస్తాయి. పీహెచ్ 6 దాకా పడితే అవే నీరసిస్తాయి. అప్పుడు వేరే ఊళ్లవాళ్లు కొనుక్కొచ్చి వేసేది సున్నమే.

వెనక్కి వెళ్లి చెప్పాను. మేత సగం చెయ్. వాననీళ్లు పట్టి బోరు నీళ్లలో కలుపు. వారానికో తొట్టి చొప్పున నల్లరాతి కంకరకు మార్చు. తీసిన సున్నపురాళ్లు మాత్రం పారేయకు, గుడ్డసంచిలో కట్టి ఉంచు. పీహెచ్ పడిన రోజు తొట్టిలో వేలాడదీస్తే అదే మందు.

కరెంటు పోతే గాలి మోటారుకు బ్యాటరీ ఉందో లేదో అడగలేదు. గాలి ఆగితే చేపలు తెల్లారేదాకా ఉండవు. ఇది ముగించి వాడికి ఫోన్ చేయాలి.