‘జల్సాలకు అలవాటుపడి’: ఒక వార్తా వాక్యం, కంచన్‌బాగ్ గోడ

తెలుగు దినపత్రికల సిటీ పేజీల్లో ఒక వాక్యం ఏళ్ల తరబడి మారకుండా అచ్చవుతోంది. ‘జల్సాలకు అలవాటుపడి, సులభంగా డబ్బు సంపాదించాలనే దురాశతో గంజాయి విక్రయిస్తున్న’ ఫలానా వ్యక్తుల్ని పోలీసులు పట్టుకున్నారు. పేర్లు మారతాయి. పోలీస్ స్టేషన్ మారుతుంది. కిలోల లెక్క మారుతుంది. వాక్యం మాత్రం మారదు. పక్కన ఫోటోలో ముసుగులేసిన నలుగురు, ముందర టేబుల్ మీద పొట్లాలు, వెనక అధికారులు. కథనీ కవిత్వాన్నీ పట్టుకుని పేజీలు పేజీలు విమర్శలు రాసే మనం, రోజూ లక్షలమంది చదివే ఈ వాక్యాన్ని వదిలేశాం. మేం దీన్నే ఒక రచనగా తీసుకుని చదవదలిచాం.

ఈ రచనలో మొదట కొట్టొచ్చినట్టు కనబడేది దాని స్వవచన వ్యాఘాతం. వార్తలో నిందితుల పేరు, వయసు, ఊరు తర్వాత ‘వృత్తి’ అని ఒక మాట ఉంటుంది. ఆటో డ్రైవర్. పెయింటర్. సెంట్రింగ్ కూలీ. డెలివరీ బాయ్. మరి రెండు వాక్యాలు దాటేసరికి అదే మనిషి ‘కష్టపడటం ఇష్టంలేక’ ఈ దారి పట్టాడంటారు! పొద్దున సెంట్రింగ్ కర్రలు మోసినవాడికి కష్టం ఇష్టం లేదని ఎవరు నిర్ధారించారు? ‘వీళ్లు ఉద్యోగం చేసుకోక మత్తుమందు ఎందుకమ్ముతారు’ అన్న ప్రశ్న ఇక్కడే కూలిపోతుంది. చాలామంది ఏదో ఒక పని చేస్తూనే అమ్ముతున్నారని పోలీసుల కాగితమే చెబుతోంది. అడగాల్సింది, ఆ పనితో నెల ఎందుకు గడవడం లేదని. అంతకంటే ముందు, పర్మనెంట్ ఉద్యోగమనేది ఎవరికి ఎక్కడ మిగిలిందని.

కంచన్‌బాగ్ దగ్గర నిలబడి చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. ఈ పేరు వినగానే దేశానికి గుర్తొచ్చేది క్షిపణులు. రక్షణ పరిశోధనాశాలలు డీఆర్‌డీఎల్, డీఎంఆర్ఎల్, 1970లో పెట్టిన భారత్ డైనమిక్స్, 1973లో పెట్టిన మిధాని అన్నీ ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. పొడుగాటి గోడలు, గేట్లు, లోపల క్వార్టర్లు, చెట్లు. గోడకు ఇవతల హఫీజ్‌బాబానగర్, సంతోష్‌నగర్, చాంద్రాయణగుట్ట వైపు బస్తీలు. ముస్లింలు, దళితులు, జిల్లాల నుంచి వలసొచ్చిన బీసీ కులాలవాళ్లు. కంచన్‌బాగ్‌ని గంజాయి బస్తీ అని మేం అనడంలేదు. పాతబస్తీని అలా అనడానికి వేరేవాళ్లు చాలామందే ఉన్నారు. మేం చెప్పేది ఆ గోడ గురించి.

ఆ గోడను ఉత్తినే తిట్టిపోయడం కూడా మాకిష్టం లేదు. రిజర్వేషన్ రోస్టర్ పుణ్యమాని ఇలాంటి ప్రభుత్వరంగ సంస్థల్లో అటెండర్‌గానో, హెల్పర్‌గానో, ఫిట్టర్‌గానో చేరిన మనుషుల జీతం మీదే ఒక తరం దళిత పిల్లలు బడికెళ్లారు. మా ఇళ్లల్లోంచి మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన మాలాంటివాళ్లలో ఎంతమంది వెనక అలాంటి ఒక్క జీతం ఉందో లెక్కేస్తే తెలుస్తుంది. జీతమంటే డబ్బొక్కటే కాదు. పీఎఫ్, ఆస్పత్రి, జబ్బుచేస్తే సెలవు, ‘ఫలానా కంపెనీలో పనిచేస్తడు’ అన్న మర్యాద. ఆ తలుపు కొద్దికొద్దిగా మూసుకుంటూ వచ్చింది. 1991 తర్వాత స్వీపింగు, తోటపని, క్యాంటీను, సెక్యూరిటీ లాంటి పనులు ఒక్కో సంస్థలో కాంట్రాక్టర్ చేతికి పోయాయి. కాంట్రాక్టర్ మనుషుల్ని పెట్టుకునేటప్పుడు రోస్టర్ రిజిస్టర్ తెరవడు. భారత్ డైనమిక్స్, మిధాని వాటాలు 2018లో స్టాక్ మార్కెట్‌కెక్కాయి. బాలానగర్ ఐడీపీఎల్ అయితే, ఇప్పుడు ఫార్మా రాజధాని అనిపించుకుంటున్న ఈ నగరానికి మందులు చేయడం నేర్పి, తానే మూతపడింది. తండ్రి పర్మనెంట్ హెల్పర్, కొడుకు కాంట్రాక్ట్ హెల్పర్, మనవడు అడ్డా మీద. మూడు తరాల్లో ఉద్యోగం కాస్తా ‘పని’ అయింది, పని కాస్తా ‘దొరికితే పని’ అయింది.

ఇప్పుడు పుడియ అమ్మేవాడి దగ్గరికి వద్దాం. సరుకు ఎక్కువగా వచ్చేది ఆంధ్రా-ఒడిశా సరిహద్దు మన్యం నుంచి. అక్కడ పండించే ఆదివాసికి దక్కేది అందరికంటే తక్కువ. 2021 చివర్లో ఆంధ్రా పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన్’ పేరుతో వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. సరుకు చేతులు మారినప్పుడల్లా ధర పెరుగుతుంది. పట్టుబడే ప్రమాదం మాత్రం మోసేవాడి దగ్గర, చివర్లో అమ్మేవాడి దగ్గర పోగుపడుతుంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం శిక్షను బరువుతో కొలుస్తుంది. గంజాయి కిలో లోపు అయితే ఏడాది దాకా. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు, బెయిలు దాదాపు కల్ల. పెట్టుబడి పెట్టినవాడి ఒంటిమీద బరువేమీ ఉండదు గదా! సంచి ఎవడి భుజం మీద ఉంటే శిక్ష వాడిది. విచారణ ఖైదీలు ఈ దేశపు జైళ్లలో నూటికి డెబ్బై అయిదుమంది దాకా ఉన్నారు. వాళ్లలో ఐదోవంతు దళితులు.

ఈ విషయం మీద పేరొందిన ఒక లెక్క అమెరికాది. మద్రాసులో పుట్టిన సుధీర్ వెంకటేశ్, స్టీవెన్ లెవిట్ అనే ఆర్థికవేత్తతో కలిసి షికాగో నల్లజాతి బస్తీలోని ఒక ముఠా జమాఖర్చుల పుస్తకాన్ని పరిశీలించి 2000లో వ్యాసం రాశాడు. వీధిలో నిలబడి అమ్మే కుర్రాళ్లకు గంటకు మూడు డాలర్లకు కాస్త పైన గిట్టేది. చాలామంది పక్కన మరో చిన్న పని కూడా చేసేవాళ్లు. నాయకుడి సంపాదన మాత్రం ఏడాదికి లక్ష డాలర్ల దాకా. ‘సులభ సంపాదన’ అన్న మాటకు ఇంతకంటే సమాధానం అక్కర్లేదు. కానీ ఆ ఆర్థికవేత్తల ముగింపుతో మాకు పేచీ ఉంది. కుర్రాళ్లు ఎప్పటికైనా పైకెక్కుతామన్న ఆశతో లాటరీ టికెట్ కొన్నట్టు చేరతారని వాళ్ల వాదన. మిగతా ఆటలన్నిటికీ టికెట్టే ఇవ్వనివాడు ఈ లాటరీ ‘ఎంచుకున్నాడ’నడం ఏం మాట?

ఫిలిప్ బూర్జువా 1995లో న్యూయార్క్‌లోని ప్యూర్టోరికన్ బస్తీ మీద రాసిన పుస్తకం మా ఆలోచనకు దగ్గర. ఫ్యాక్టరీలు మూతపడ్డాక ఆ కుర్రాళ్లు ఆఫీసు పనులకు వెళ్లారు. అక్కడ వాళ్ల మాట, నడక, బట్ట అన్నీ అవమానానికి గురయ్యాయి. వీధిలో వాళ్లు వెతుక్కున్నది డబ్బుతోపాటు గౌరవం కూడా. ఇది మనకు చెప్పాలా? షోరూంలో ‘యాడుంటవ్?’ అనడిగి, పాతబస్తీ అనగానే మొహం మార్చుకోవడం, ఇంటిపేరు అడగడం, ఆ తర్వాత టీ వేరే గ్లాసులో రావడం. కులం పనిని విభజించడంతో ఆగదని, పనిచేసే మనుషుల్నే విభజిస్తుందని అంబేడ్కర్ 1936లోనే తేల్చారు. బూర్జువా పుస్తకంలో జాతి ఉంది. మన పరిశోధకులు దాన్ని ఇక్కడికి తెచ్చేటప్పుడు కులాన్ని జారవిడిచి పేదరికాన్ని మాత్రం తెస్తున్నారు. పేద బ్రాహ్మణ కుర్రాడి మీద ‘జల్సాలకు అలవాటుపడి’ వాక్యం మనం ఎన్నిసార్లు చదివాం?

‘పనిచేయరు’ అన్న ముద్ర పాతదే. ఎరుకలవాళ్లు ఒకప్పుడు ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా బేరం చేసేవాళ్లు. రైళ్లు, ఉప్పు పన్ను ఆ బేరాన్ని మింగేశాయి. ఆ తర్వాత తెల్లదొరల ప్రభుత్వం వాళ్లను నేరస్థ జాతి అంది. 1910లలో స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి, ‘నిజాయితీగా బతకడం’ నేర్పుతామని సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చింది. అలా నేర్చుకున్నవాళ్లను పంపిందెక్కడికి? చీరాల పొగాకు కంపెనీకి, చవక కూలీలుగా. అక్కడ పొగాకు ఆకు ఒలవడం నిజాయితీ, ఇక్కడ గంజాయి ఆకు అమ్మడం నేరం. ఆకులో ఉన్న తేడా కంటే లైసెన్సులో ఉన్న తేడా పెద్దది.

ఇక ఉద్యోగం లేకనే అమ్ముతారనేవాళ్లు కూడా ఒకటి గమనించాలి. 2025 సెప్టెంబర్‌లో పాత బోయిన్‌పల్లిలో ఒక ప్రైవేటు స్కూలు భవనంలో అల్ప్రాజోలం తయారీ బయటపడింది. కల్లులో కలిపే మత్తుమందు అది, తాగి పడిపోయేది కూలీలే. బడి నడిపేవాడికి ఉపాధి లేదనగలమా? ఆ వార్తల్లో ‘జల్సా’ అన్న మాట వెతికాం. మాకు కనబడలేదు. 2017లో సినిమావాళ్లను విచారణకు పిలిచినప్పుడు వాళ్లు కార్లు దిగే దృశ్యాలు టీవీల్లో రోజంతా నడిచాయి. ముసుగులు మాత్రం వేయలేదు.

ఇంత చెప్పాక మనవాళ్లతో కూడా ఒక పేచీ పెట్టుకోక తప్పదు. అమ్మేవాణ్ణి వ్యవస్థ మీద తిరగబడ్డ వీరుడిగా చూపే కవిత్వం ఈమధ్య కొంత వస్తోంది. అది మాకు రుచించడంలేదు. ఆ పుడియ ముందుగా చేరేది మన బస్తీ పిల్లాడి చేతికే. వాడు చదువు మానేస్తే నాలుగిళ్లలో గిన్నెలు తోమి ఫీజు కట్టిన తల్లి కష్టం మట్టిపాలు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచినప్పుడు వాళ్లు దుకాణం దగ్గర ఆగిపోలేదు. పాటలు పాడేవాణ్ణి, పాటలు పాడించే సర్కారును కూడా అడిగారు. సారా పాట అంటే వేలంపాట అని ఈతరం విద్యార్థులకు చెప్పాల్సొస్తోంది. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. 1997కల్లా నిషేధం సడలింది. ఖజానాకు మత్తు కావాలి మరి.

ధూల్‌పేట సంగతి చూడండి. 2015లో గుడుంబా మీద దాడులు మొదలయ్యాక, అది మానేసిన కుటుంబాలకు ప్రభుత్వం పునరావాసం కింద 2 లక్షల రూపాయల యూనిట్ ప్రకటించింది. బర్రెలో, కిరాణా కొట్టో, ఆటోనో పెట్టుకొమ్మంది. 2024లో మళ్లీ అదే పేటలో గంజాయి మీద ఎక్సైజ్ శాఖ ‘ఆపరేషన్ ధూల్‌పేట్’ నడపాల్సొచ్చింది. మధ్యలో, 2021లో, రాష్ట్రంలోని 2,620 మద్యం షాపుల్లో గౌడలకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. మిధాని గేటు దగ్గర పలచబడ్డ రోస్టర్ మద్యం షాపు దగ్గర తేలిందన్నమాట! 2023లో ఆ షాపుల లాటరీకి లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులొచ్చాయి. లాటరీ తగిలినా తగలకపోయినా వాపసు రాని దరఖాస్తు ఫీజు ఒక్కోదానికి 2 లక్షలు. గుడుంబా మానేసిన కుటుంబానికి కొత్త బతుకు కోసం సర్కారు కట్టిన విలువ కూడా సరిగ్గా అంతే. 2025 లాటరీకి ఆ ఫీజు 3 లక్షలైంది.